పదహారు పేజీలు

సెకండ్ షో ఇడిసినాక,
ఆదోనిలో షట్టర్లన్నీ మూసిన బజార్లో
హుసేనమ్మ టీ బండి చుట్టూ నిలబడి
మేం నలుగురం ఒక మేక కోసం కొట్లాడుకుంటున్నాం.

"పుస్తకంలో మేక ఒక్కసారే మాట్లాడ్తాది కదప్పా,
అదీ కోట వాకిట్లో, అదీ మూడు మాటలే.
సినిమాలో చూస్తివా, పుట్టినప్పటి నుంచి వాగుడే.
పాటలో స్టెప్పు కూడా వేసె" అన్నాను.

ఉరుకుందు ఆటోలో కాళ్ళు చాపుకొని నవ్వినాడు.
అతను పుస్తకం చదవలేదు, చదవనని ముందే చెప్పినాడు.
"రెండున్నర గంటలు మేక మూగగా నిలబడితే
నా టికెట్టు డబ్బులు నువ్విస్తావా?
మావాడు ఆ మేకకే నవ్వినాడు నిన్న.
జరమొచ్చి పండుకున్నాక మొదటిసారి."

దానికి నా దగ్గర జవాబు లేదు.
అందుకని మంచు మీదికి పోయినాను.

మబ్బుల్ని బంధించిన ఆ కోట
నేను చదివినప్పుడు రణమండల కొండ మీదే ఉండేది.
మార్కెట్ యార్డులో కాటా పక్కన,
పత్తి బోరాల సందులో పుస్తకం తెరుచుకొని
తలెత్తితే చాలు, అవే గుండ్లు, అదే ఎండ,
ఆ పిల్ల కుంటిమేకను ఎత్తుకొని ఎక్కుతా కనపడేది.
వీళ్ళు తీసుకుపోయి మంచులో పెట్టినారు.
వానే లేని ఊరి కథకు అంత మంచు ఎక్కడిదప్పా?
కరగబెట్టుకొని తాగితే సరిపోయె, కథే అక్కర్లేకుండా!

ఖాజావలి ఏమీ అనలేదు.
గోళ్ళలో ఎండిన మైదా జిగురు గీక్కుంటా ఉన్నాడు.

"అన్నిటికంటే అన్యాయం ఆ ముసలిదానికి," అన్నాను,
"ఒంటికన్ను మంత్రగత్తెకు.
ఏడేండ్లు మబ్బుల నడుమ కూచొని
గుక్కెడు నీళ్ళు లేక నాలుక పిడచగట్టి,
తాళంచెవి తానే పిల్ల చేతిలో పెట్టి
'తీ తల్లీ, నాకూ దప్పికైతాంది' అంటాది.
ఆ మాటకు నేను కాటా కాడ ఏడ్చినాను.
వీళ్ళేమో కత్తితో పొడిపించి, పేల్చి, పొగ చేసి పెట్టిరి."

"ఆ మాట పుస్తకంలో లేదు," అన్నాడు ఖాజావలి.

హుసేనమ్మ స్టవ్వు తగ్గించింది.

"నీ పుస్తకం కుట్టింది నేనే కదా.
పాతకాగితాల కొట్లో నుంచి తెచ్చినప్పుడే
చివర ఒక ఫారం లేదు. పదహారు పేజీలు.
చెప్తే ఊఁ అంటివి.
నిరుడు ఇంకో కాపీ బైండింగుకొచ్చింది, చదివినా.
ముసలిది తలుపు తీయదు, చావదు.
పీట మీద నుంచి లేచి కొండ దిగిపోతాది.
ఆ పిల్లే పోయి ఆ పీట మీద కూచుంటాది."
"వాన?"
"రాదు."

ఉరుకుందు దిగ్గున లేచి కూచున్నాడు.
"రాసినాయప్పకు మనమంటే ఏం పగరా?
సినిమానే మేలు!"

నేను మా అక్క కూతురు సుంకులు దిక్కు చూసినాను.
కరెంటు పోయిన రాత్రులన్నీ
మిద్దె మీద దానికి చెప్పిన కథే కదా ఇది.
నా తరపున సాక్ష్యం చెప్తాదనుకున్నాను.

అది బన్ను టీలో ముంచి, సగం తిని,
"నీ ముసలిది మటుకు ఒకే మాదిరి ఉండెనా మామా?
పత్తి రేటు పడిన దినం చచ్చిపోయేది.
అమ్మ ఆస్పత్రిలో ఉన్న వారం
తలుపు తీసిందే కాక రొట్టెలు కూడా కొట్టి పెట్టె.
మేక మటుకు..."
అని ఆగి, మిగిలిన బన్ను ముంచింది.
"మేకను నువ్వు ఎప్పుడూ మార్చలేదు."

ఆ మూడు మాటలేందని ఉరుకుందు అడిగినాడు.
నేను చెప్పలేదు, సుంకులూ చెప్పలేదు.
చదివిన ఖాజావలి కూడా
గ్లాసులోకి చూస్తా ఊరికే ఉండిపోయినాడు.

సోమవారం అతని అంగడికి పోతే
జిరాక్స్ తీసి పెట్టినాడు పదహారు పేజీలు,
పక్కన నా పుస్తకం, సూదిలో దారం.
"కుట్టమంటావా?"

రేపు చెప్తానన్నాను.
నాలుగు రేపులైనాయి.